గోల్‌కీపర్ బరువు

నేను ఒక స్ట్రెచర్‌ని. రెండు అల్యూమినియం గొట్టాలు, మధ్యలో ఆకుపచ్చ కాన్వాసు, నాలుగు రబ్బరు పిడులు, పడుకున్నవాడు జారిపోకుండా రెండు పట్టీలు. ఇంతే నా ఒళ్లు. చూడ్డానికి ఏముంది అంటారేమో. తొంభై నిమిషాల ఫుట్‌బాల్ ఆటలో బంతి యాభై నిమిషాలైనా కదలకుండా చేసిన ఘనత నాది. ఏ ఆటగాడికైనా ఉందా ఆ రికార్డు? గోల్ కొట్టినవాడి ఫొటో పేపర్లో వస్తుంది. ఆ గోల్‌ని ఆఖరిదాకా కాపాడిన నన్ను మాత్రం మ్యాచ్ అయిపోగానే గోడకు చేరేస్తారు. పోనివ్వండి, నాకు నా విలువ తెలుసు.

పుట్టింది బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డులో. గొట్టాలు వంచినాయన చేయి తిరిగినవాడు. కాన్వాసు కుట్టినాయనకు అనుమానం ఎక్కువ. ఒక కుట్టు చాలని ఎంత చెప్పినా వినకుండా మూడు వరసలు వేశాడు. ఆ పుణ్యాత్ముడి అనుమానం వల్లే ఇప్పటికీ ఒక్క పోగు ఊడలేదు. బలం చూడ్డానికి షెడ్డులో అందరికన్నా లావుపాటి మనిషిని నా మీద పడుకోబెట్టారు. ఆయన అక్కడే నిద్రపోయాడు. లేపడానికి నలుగురు కావలసివచ్చింది. పరీక్ష నెగ్గాను.

మొదట నన్ను ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీ వాళ్లు తీసుకెళ్లారు. మూడేళ్లు అక్కడ ప్రథమ చికిత్స గదిలో ఉన్నాను. ఒక్కడికి కూడా దెబ్బ తగల్లేదు. మధ్యాహ్నం భోజనమయ్యాక వాచ్‌మన్ వచ్చి గంటసేపు పడుకునేవాడు. అంతే నా ఉద్యోగం. ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు సామాను తలా ఒకటి పట్టుకుపోయారు. నేను మూసీ స్పోర్టింగ్ క్లబ్ చేతికి వచ్చాను. హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ ఏమిటి అని మూతి విరవకండి. శనివారం సాయంత్రం మా గ్రౌండుకు వచ్చి చూసినవాళ్లు ఆ మాట అనరు. జీతాలిచ్చి ఆడించే జట్టు మాది. దేశంలో రెండో డివిజన్.

మ్యాచ్ రోజున నన్ను మోసేవాళ్లు ఇద్దరు. తలవైపు భిక్షపతి, కాళ్లవైపు సాయిలు. మిగతా రోజుల్లో ఇద్దరూ గడ్డి కోసి, నీళ్లు పెట్టి, సున్నంతో గీతలు గీసేవాళ్లు. భిక్షపతికి యాభై దగ్గర పడ్డాయి. నల్లటి మనిషి, మాట తక్కువ, మెడలో ఎప్పుడూ తువ్వాలు. తలవైపు పట్టుకుంటాడు కాబట్టి పడుకున్నవాడి ముఖం ఆయనకు కనిపిస్తుంది. పైభాగం బరువు కూడా ఆయన చేతుల్లోనే ఉంటుంది. సాయిలుకు కనిపించేది ముందున్న దారి ఒక్కటే.

మొదటి మ్యాచ్‌లోనే ఇద్దరూ తప్పు చేశారు. మేం ఒక గోల్ ఆధిక్యంలో ఉన్నాం. మా డిఫెండరు ఒకడు పిక్క పట్టేసిందని పడ్డాడు. వీళ్లు పాపం, మనిషికి దెబ్బ తగిలిందనుకుని నన్నెత్తుకుని ఒక్క పరుగున వెళ్లి, ఒక్క పరుగున మోసుకొచ్చారు. అరనిమిషంలో పని అయిపోయింది. మా కోచ్ జెరోమ్ సార్ ముఖం కందగడ్డ అయింది. మ్యాచ్ అయ్యాక ఇద్దర్నీ పిలిచి పాఠం చెప్పాడు. ఓడిపోతుంటే పరుగెత్తాలట, గెలుస్తుంటే పెళ్లికూతుర్ని మండపానికి తెచ్చినట్టు నడవాలట. మధ్యలో ఒకసారి ఆగి పట్టీ బిగించుకోవాలట, ఇంకోసారి ఆగి చేతులు మార్చుకోవాలట. దీన్ని గేమ్ మేనేజ్‌మెంట్ అంటారని, పెద్ద పెద్ద దేశాల జట్లన్నీ చేసేదేనని చెప్పాడు. భిక్షపతి అంతా విని, బయటకు వచ్చాక సాయిలుతో, అంటే టైము తినుడన్నట్టు అన్నాడు.

టైము తినడంలో మా జట్టుకు సాటి లేదు. త్రో వేయవలసినవాడు బంతి చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ చూసి, ఇది నా పని కాదన్నట్టు ఇంకొకడికి ఇచ్చేసేవాడు. ఆ ఇంకొకడు అవతలి గట్టు నుంచి నడిచి వచ్చేవాడు. గెలుస్తున్న రోజున మావాళ్ల బూట్ల లేసులు వాటంతట అవే ఊడిపోయేవి. రిఫరీ విజిల్ వేస్తే ఐదుగురు చుట్టూ చేరి చేతులు కట్టుకుని మర్యాదగా సందేహాలు అడిగేవాళ్లు. మూల జెండా దగ్గర బంతిని కాళ్ల మధ్య పెట్టుకుని, వీపు తిప్పి, ఇద్దరు నిలబడితే రెండు నిమిషాలు హరీ. అవతలి జట్లేమైనా తక్కువ తిన్నాయా? తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు. ఒక జట్టు వాళ్లయితే మా గ్రౌండులోకి రెండో బంతి విసిరి ఆట ఆపించారు. కానీ వాళ్లెవరికీ మొయిజ్ లేడు.

మొయిజుద్దీన్ మా గోల్‌కీపరు. ఆరడుగుల రెండంగుళాలు, ముప్పయ్యారేళ్లు, పిల్లి కళ్లు. ఫుట్‌బాల్‌లో ఒక నియమం ఉంది. మామూలు ఆటగాడికి మైదానంలో వైద్యం చేస్తే వాడు గీత దాటి బయటకు వెళ్లి, రిఫరీ పిలిస్తేనే లోపలికి రావాలి. గోల్‌కీపరుకు అది లేదు. ఎక్కడ పడ్డాడో అక్కడే వైద్యం, వాడు లేచేదాకా ఆట ఆగవలసిందే. ఈ సందు మొయిజ్‌కి దొరికింది. అవతలివాళ్లు వరసగా దాడులు చేస్తూ ఇక గోల్ కొట్టేస్తారు అనే సమయానికి మొయిజ్ తొడ పట్టుకుని కూలిపోయేవాడు. ఫిజియో మేడమ్ చల్లటి స్ప్రేతో వెళ్లేది. ఆమె చెయ్యి ఊపితే మేం బయలుదేరేవాళ్లం, పెళ్లినడకన. ఈలోపు మిగతా పదిమంది గీత దగ్గరకొచ్చి నీళ్లు తాగుతూ జెరోమ్ సార్ చెప్పేది వినేవాళ్లు. పోయిన సమయాన్ని రిఫరీ చివర్లో కలపగలడు. పొంగుతున్న పాల మీద నీళ్లు చల్లితే ఆ పొంగు మళ్లీ ఎక్కడినుంచి తెస్తాడు?

నా మీద పడుకోగానే మొయిజ్ గ్లోవు తొడిగిన చేత్తో గొట్టం మీద రెండుసార్లు తట్టేవాడు. నాకేం కాలేదు, నెమ్మదిగా పోనివ్వండి అని దాని అర్థం. ఆ సంగతి వాళ్లిద్దరికీ, నాకూ తప్ప ఎవరికీ తెలియదు. పది అడుగులు మోసుకెళ్లాక లేచి కూర్చుని, దించండి, సర్దుకుందని దిగి, కుంటుకుంటూ గోల్ దగ్గరకు నడిచేవాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్లు. అవతలి జట్టు అభిమానులు బూతులు తిట్టేవాళ్లు. ఆరేళ్లలో నలభై ఒక్కసార్లు నా మీద పడుకున్నాడు, ఒక్కసారి కూడా నిజం కాదు. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. మొయిజ్‌ది కుట్టు కూడా కనబడని అతుకు.

అయినా నన్ను మోసం చేయడం ఎవరివల్లా కాదు. దెబ్బ తగలనివాడు నన్ను ఎత్తేటప్పుడు తనకు తెలియకుండానే నడుము బిగిస్తాడు, మోసేవాళ్లకు సాయం చేస్తాడు. నిజంగా తగిలినవాడు చేయడు. మా సెంటర్ ఫార్వర్డుకు ఒకసారి మడమ దగ్గర ఎముక విరిగింది. అంతకుముందు చిన్న తోపుకే గ్రౌండు అదిరేలా అరిచినవాడు ఆ రోజు నోరు మెదపలేదు. తడి ఇసుక మూటలా కాన్వాసులోకి దిగిపోయాడు. ఆ తేడా నా గుడ్డకు తెలుస్తుంది, పట్టుకున్న చేతులకు తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. ఆ సీజను మాకు అచ్చిరాలేదు. ఆఖరి మ్యాచ్ నాటికి మా పరిస్థితి ఎంత దాకా వచ్చిందంటే, గెలిస్తే రెండో డివిజన్‌లో ఉంటాం, లేకపోతే కిందికి పోతాం. కిందికి పోతే స్పాన్సర్ ఉండనని ముందే చెప్పేశాడు. స్పాన్సర్ పోతే జట్టే ఉండదు. మొయిజ్‌కి అదే ఆఖరి సీజను. ఆ వారమంతా ప్రాక్టీసు అయ్యాక భిక్షపతి గీతలు గీస్తుంటే పక్కనే నడుస్తూ ఒకే మాట చెప్పేవాడు. పదిహేనేళ్లు ఆడాను, జట్టును ముంచి వెళ్లినవాడిగా నా పేరు మిగలకూడదు అని. భిక్షపతి ఊఁ కొడుతూ గీత చూసుకునేవాడు.

మ్యాచ్ రోజున గ్రౌండు నిండిపోయింది. ఇరవయ్యో నిమిషంలో మావాళ్లు గోల్ కొట్టారు. అక్కడినుంచి జెరోమ్ సార్ తన విద్యలన్నీ బయటికి తీశాడు. త్రోలు, లేసులు, మూల జెండా. అరవయ్యో నిమిషంలో మొయిజ్ ఒకసారి తొడ పట్టుకున్నాడు, రెండు తట్లు తట్టాడు, మేం నడిచాం, ఆయన దిగాడు. ఆట మార్చాలని కాదు గాని, ఆటగాణ్ణి మారిస్తే ప్రతిసారీ అరనిమిషం పోతుంది కదా అని జెరోమ్ సార్ ఎనభయ్యో నిమిషం లోపే ఐదుగురినీ మార్చేశాడు. ఆఖరి ఇద్దరినైతే కేవలం టైము తినడానికే. బయటికి వచ్చేవాళ్లు ఎదురుపడ్డవాడికల్లా చేతులిచ్చి, మోకాళ్లు తడుముకుంటూ వచ్చారు. ఐదుగురికి మించి మార్చడానికి లేదు. బెంచీ మీద కూర్చున్న రెండో గోల్‌కీపరు అక్కడే కూర్చుండిపోయాడు. ఇంత లెక్క తెలిసిన మనిషికి అది ఎందుకు తట్టలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఎనభై మూడో నిమిషంలో అవతలివాళ్లకు కార్నర్ దొరికింది. బంతి గాల్లోకి లేచింది. మొయిజ్ ఎగిరి పట్టుకున్నాడు. అదే ఊపులో వాళ్ల పొడుగాటి డిఫెండరు మోకాలు వచ్చి మొయిజ్ ఎడమ డొక్కలో దిగింది. మొయిజ్ కింద పడ్డాడు, బంతి మాత్రం వదల్లేదు. రిఫరీ విజిల్ వేశాడు. జనం నవ్వారు. అవతలి గ్యాలరీ నుంచి, మళ్లీ నాటకం మొదలైందిరా అని కేకలు వచ్చాయి. ఫిజియో మేడమ్ వంగి అడిగితే మొయిజ్ కన్ను గీటాడు. ఆమె అలవాటుగా తొడ మీద స్ప్రే కొట్టింది. అలవాటుగా మాకు చెయ్యి ఊపింది. జెరోమ్ సార్ గీత దగ్గర నిలబడి అరచేయి కిందికి ఊపుతున్నాడు, నెమ్మదిగా, నెమ్మదిగా అని.

మేం వెళ్లాం. మొయిజ్ నా మీదికి జరిగాడు. గొట్టం మీద రెండుసార్లు తట్టాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే ఆ తట్టడం అబద్ధం. ఆయన వీపు మంచుగడ్డలా ఉంది. చెమట కారుతోంది, వేడి లేదు. నన్ను ఎత్తినప్పుడు ఆయన నడుము బిగించలేదు. ఆరేళ్లుగా నాకు తెలిసిన ఒళ్లు మొదటిసారి కాన్వాసులోకి పూర్తిగా దిగిపోయింది. నటించడం వచ్చిన మనిషి, నటిస్తున్నట్టు నటిస్తున్నాడు. తాను బయటికి వెళితే గోల్ దగ్గర నిలబడేవాడు లేడని ఆయనకు తెలుసు. పది అడుగులు మోసి దించేస్తారు, లేచి వెళ్లి నిలబడదాం, ఇంకో ఏడు నిమిషాలే కదా అనుకున్నాడు. నాకు నోరుంటే గ్రౌండంతా వినిపించేలా అరిచేదాన్ని.

సాయిలు పెళ్లినడక మొదలుపెట్టాడు. రెండు తట్లు విన్నాడు కదా, ఆయనకు నిశ్చింత. భిక్షపతి కూడా నాలుగు అడుగులు నడిచాడు. ఐదో అడుగులో ఆయన పట్టు మారింది. వేళ్లు గొట్టం చుట్టూ బిగుసుకున్నాయి. కిందికి వంగి చూశాడు. దెబ్బ తగిలింది డొక్కలో, మొయిజ్ పట్టుకున్నది ఎడమ భుజం. అది భిక్షపతికి అంతుపట్టలేదు. అంతుపట్టిందల్లా బరువు.

"ఇయ్యాల బరువున్నవ్ భాయ్" అన్నాడు.

మొయిజ్ నవ్వాడు. పొద్దున బిర్యానీ తిన్నానన్నాడు. ఆ రెండు మాటలకే ఊపిరి చాల్లేదు. గీత దగ్గరికి రాగానే ఎప్పటిలాగే లేచి కూర్చోబోయాడు, సగం లేచి మళ్లీ ఒరిగిపోయాడు. దించమన్నాడు. సాయిలు ఆగాడు. భిక్షపతి దించలేదు. జెరోమ్ సార్ పరుగున వచ్చి, చాలు, దించండి, ఇంక మనిషిని మార్చడానికి లేదు అన్నాడు.

"ఈయన నటిస్తలేడు సార్" అన్నాడు భిక్షపతి.

"బాగానే ఉన్నానని తనే చెబుతున్నాడు కదయ్యా."

"గదే సార్ నటన. బాగున్నట్టు నటిస్తుండు."

జెరోమ్ సార్ గడియారం చూసుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. కానీ అప్పటికే పదకొండేళ్లుగా ప్రతి బాధనూ గడియారంలో చూసిన మనిషి. మొయిజ్ వైపు చూశాడు. మొయిజ్ తల ఊపాడు, నేను వెళతాను సార్ అన్నట్టు. ఆ తల ఊపుడును జెరోమ్ సార్ నమ్మాడు, నమ్మాలనుకున్నాడు కాబట్టి. గొట్టం పట్టుకుని కిందికి నొక్కాడు. భిక్షపతి జీవితంలో మొదటిసారి ఆయన చెయ్యి విదిలించి, నన్ను పైకి లాక్కుని, ఎడమవైపు తిప్పి, గేటు దగ్గరున్న అంబులెన్సు వైపు పరుగెత్తాడు. వెనకనుంచి అంత బలంగా తోస్తుంటే ముందున్న సాయిలు పరుగెత్తక ఏం చేస్తాడు? ఏందన్నా, మనం గెలుస్తున్నం గద అని రొప్పుతూనే పరుగెత్తాడు. గ్యాలరీలో మా జనమే భిక్షపతిని తిట్టారు. నాకు ఇన్నేళ్లలో అంత గర్వం ఎప్పుడూ కలగలేదు.

ఆసుపత్రికి చేరేసరికి మొయిజ్‌కి స్పృహ లేదు. కడుపులో ఎడమవైపు ప్లీహం చిట్లి రక్తమంతా లోపల నిండిపోతోందట. అలాంటప్పుడు నొప్పి ఒక్కోసారి ఎడమ భుజంలో పుడుతుందట. ఇంకో పావుగంట నిలబెట్టి ఆడించి ఉంటే తీసుకొచ్చినా లాభం లేకపోయేదని డాక్టరమ్మ చెప్పింది. ఆయన్ని వాళ్ల బండి మీదికి మార్చి లోపలికి తీసుకెళ్లారు. నన్ను ఆపరేషన్ థియేటర్ బయట గోడకు చేరేశారు. నా పక్కనే నేల మీద భిక్షపతి కూర్చున్నాడు. ఆయన ఫోను మోగుతూనే ఉంది, ఎత్తలేదు.

మ్యాచ్ సంగతి నాకు సాయిలు వచ్చి సెక్యూరిటీ అతనితో చెబుతుంటే తెలిసింది. మా కుడి డిఫెండరు గ్లోవులు తొడుక్కుని గోల్ దగ్గర నిలబడ్డాడట. మావాళ్లు పదిమందే. పడుకుందామంటే స్ట్రెచర్ లేదు, అందరూ నిలబడి ఆడారట. అంత బాగా ఆ సీజనులో ఎప్పుడూ ఆడలేదట. కానీ మేం తిన్న టైమంతా రిఫరీ కక్కించాడు. పన్నెండు నిమిషాలు కలిపాడు. ఆ పన్నెండులో ఏడో నిమిషాన అవతలివాళ్లు గోల్ కొట్టారు. ఒకటి ఒకటి. మేం కిందికి పోయాం. సాయిలు ఆ మాట చెబుదామని భిక్షపతి దగ్గరికి వస్తే, ఆయన అరచేయి చూపించి ఆపేశాడు.

నేను మళ్లీ ఆ గ్రౌండుకు వెళ్లలేదు. నన్ను తిరిగి తీసుకెళ్లాలని ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చే నాటికి జట్టే లేదు. ఇప్పుడు ఇదే ఆసుపత్రిలో క్యాజువాలిటీ తలుపు పక్కన ఉంటాను. పని బాగానే ఉంది. ఇక్కడ నా మీద పడుకునేవాళ్లు వేరే రకం. నాకేం కాలేదు, ఇంటికి పోతానని గొడవ చేస్తారు. నేను నమ్మను. ఒళ్లు దిగగానే నాకు తెలిసిపోతుంది, ఎవరు ఎంత అబద్ధమాడుతున్నారో.

ఆ మ్యాచ్ మర్నాడు ఉదయం జరిగింది చెప్పి ముగిస్తాను. మొయిజ్‌ను థియేటర్ పక్క గదిలోంచి వార్డుకు మారుస్తూ మా ముందునుంచే తీసుకెళ్లారు. ముక్కులో గొట్టం, ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. భిక్షపతిని చూసి బండి ఆపమన్నట్టు వేలు కదిపాడు. భిక్షపతి లేచి నిలబడ్డాడు.

"స్కోరెంత?" అన్నాడు మొయిజ్.

"తెల్వదు."

"నీకు తెల్వదా?"

"ఎవ్వర్ని అడగలే."

మొయిజ్ ఆయన ముఖంలోకి చూశాడు. అన్నేళ్లు స్కోరును బట్టి అడుగు వేసిన మనిషి భిక్షపతి. అబద్ధం చెప్పడం లేదని మొయిజ్‌కి తెలిసిపోయింది. అప్పుడు భిక్షపతికి కోపం వచ్చింది. రాత్రంతా లోపల ఉడికిన కోపం. గొంతు పెంచకుండానే అన్నాడు.

"గ్రౌండంతటిని మోసం జేసినం భాయ్, మనం గలిసి. రిఫరీని జేసినం, పబ్లిక్‌ను జేసినం. నన్ను గూడ జేస్తివి గద."

"చెప్తే మళ్ల లోపటికి పోనిస్తుంటివా?"

"పోనియ్యకపోతుంటి."

"అందుకే" అన్నాడు మొయిజ్.

భిక్షపతి మెడలో తువ్వాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. బండి తోసే ఆయన తొందరపెట్టకుండా పక్కకు చూస్తూ నిలబడ్డాడు. మొయిజ్ ఇంకోసారి స్కోరు అడగలేదు. భిక్షపతి చెయ్యి దొరకబుచ్చుకుని, నిన్నటినుంచి ఏమన్నా తిన్నవా అని అడిగాడు.